నాష్‌విల్ (1975): వెక్కిరించింది పాటగాళ్లనా, పాటని వాడుకున్నవాళ్లనా?

రీలుబండి
రాబర్ట్ ఆల్ట్‌మన్ ‘నాష్‌విల్’ గురించి ఎక్కడ చదివినా "కంట్రీ మ్యూజిక్ మీద సెటైర్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కావడం లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

చూడనివాళ్ల కోసం కాస్త చెప్తాను. 1975 జూన్‌లో విడుదలైంది. నిడివి దాదాపు రెండు గంటల నలభై నిమిషాలు. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరం, ఐదు రోజులు, 24 ముఖ్యపాత్రలు. హీరో, హీరోయిన్ అంటూ ఎవరూ లేరు. పేరున్న గాయకులు, గాయకులు కావాలని వచ్చినవాళ్లు, వాళ్ల మేనేజర్లు, ఓ సైనికుడు, వయొలిన్ పెట్టె పట్టుకు తిరిగే ఓ కుర్రాడు. వీళ్ల మధ్యలోంచి ఒక ప్రచార వ్యాను తిరుగుతూ ఉంటుంది. రీప్లేస్‌మెంట్ పార్టీ అనే కల్పిత పార్టీ తరఫున హాల్ ఫిలిప్ వాకర్ అనే అధ్యక్ష అభ్యర్థిది ఆ వ్యాను. సినిమా మొత్తంలో ఆయన మొహం మనకి చూపించరు. గొంతు మాత్రం వదలదు.

వాకర్ సభకి పెద్ద పాటగాళ్లని రప్పించడానికి జాన్ ట్రిప్లెట్ అనే మనిషి ఊళ్లో దిగుతాడు. అసలు కథ అంటూ ఉంటే అదే. ట్రిప్లెట్‌కి ఆ పాటలంటే గౌరవం లేదు, ఆ మనుషులంటే అంతకంటే లేదు. కానీ అందరితోనూ నవ్వుతూ మాట్లాడతాడు. సినిమా కత్తి దూసింది ఇతని మీదే అని నా అభిప్రాయం. పాటగాళ్ల మీద సినిమాకి చిరాకు ఉంది, కోపం లేదు. మీరేమంటారు?

పాతకొత్త
రీలుబండి గారూ, మీరు చెప్పింది వినడానికి బాగుంది కానీ మొదటి పాట చూడండి. హేవెన్ హామిల్టన్ అనే పేరున్న గాయకుడు స్టూడియోలో నిలబడి, అమెరికా 200 ఏళ్లు నిలిచిందంటే మనం మంచే చేస్తున్నట్టు అనే అర్థంలో ఛాతీ విరుచుకుని పాడతాడు. మధ్యలో పియానో వాయించే కుర్రాడి మీద విరుచుకుపడి, జుట్టు కత్తిరించుకు రమ్మంటాడు. బీబీసీ నుంచి వచ్చానని చెప్పుకునే ఓపల్‌ని బయటికి గెంటిస్తాడు. ఆ తెల్లసూటు, ఆ కుట్టుపని, ఆ విగ్గు! హెన్రీ గిబ్సన్ గొప్పగా చేశాడు, కాదనను. కానీ అది వెక్కిరింత కాకపోతే ఇంకేమిటి?

పైగా సినిమాలో పాటలు చాలావరకు నటీనటులే రాసుకున్నారు. నాష్‌విల్‌లో అప్పటికే తరాలుగా పాటలు రాస్తున్న మనుషులుండగా, లాస్ ఏంజిలిస్ నుంచి వచ్చినవాళ్లు తామే రాసుకుని, తామే పాడి, ఇదే మీ సంగీతం అని చూపిస్తే ఆ ఊరివాళ్లకి కడుపు మండదా? మండింది కూడా. అక్కడి సంగీతవర్గంలో చాలామందికి సినిమా నచ్చలేదు. న్యూయార్క్ విమర్శకులు మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. పూర్తిగా ఎడిట్ కాకముందే చూసి పాలీన్ కేల్ న్యూయార్కర్ పత్రికలో ఆకాశానికెత్తుతూ రాశారు. విడుదలకి మూడు నెలల ముందు! ఒక ఊరి పాటని ఇంకో ఊరివాళ్లు తీర్పు చెప్పడమే నాకు ఇబ్బంది.

స్వరజతి
నేను పాడతాను, అందుకని పాటల వైపు నుంచి చెప్తా.

పాటలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. హేవెన్ పాటలు ఉద్దేశపూర్వకంగా డాబుసరిగా కట్టినవి. కానీ బార్బరా జీన్ అనే పెద్ద గాయనిగా వేసిన రోనీ బ్లేక్లీ పాటలు వినండి. ఆమె స్వతహాగా గాయని, పాటలు రాసే మనిషి. ఆ ఏడాదే బాబ్ డిలన్ రోలింగ్ థండర్ బృందంతో ఊళ్లు తిరిగి పాడింది. చివర్లో అమ్మానాన్నల గురించి, పుట్టిపెరిగిన ఇంటి గురించి పాడే పాటలో ఒక్క వెక్కిరింపు స్వరం లేదు. పల్లవి దగ్గర గొంతు పైకి తీసుకెళ్లి, అక్కడే నిలపకుండా జారవిడుస్తుంది. ఆ బాణీ మనసులో లేనివాళ్లకి అలా రాదు.

కీత్ కారడైన్ రాసి పాడిన ‘అయామ్ ఈజీ’కి ఆస్కార్ వచ్చింది. సినిమాకి ఐదు నామినేషన్లు వస్తే గెలిచింది అదొక్కటే. బ్లేక్లీ, లిలీ టామ్లిన్ ఇద్దరూ సహాయనటి విభాగంలో పోటీపడ్డారు.

ఇక సులీన్ గే ఉంది. ఆమెకి పాడటం అసలు రాదు. గ్వెన్ వెల్స్ ఎంత జాగ్రత్తగా అపశ్రుతి పలికిందో! శ్రుతి తప్పుతున్నట్టు నటించేవాళ్లు సాధారణంగా అతి చేస్తారు. ఈమె ప్రతి స్వరం అంచుదాకా వెళ్లి ఆగిపోతుంది. సినిమా ఇక్కడ నవ్వించాలనుకుంటే తేలిగ్గా నవ్వించేది. నవ్వించలేదు.

కొత్తప్రేక్షకుడు
అరగంట చూసి ఆపేశాను. ఎవరు ఎవరో అర్థం కావడం లేదు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. సబ్‌టైటిల్స్ పెట్టినా ఏది చదవాలో తెలియక టెన్షన్ వచ్చింది. ముందుకెళ్తే కుదుటపడుతుందా?

టేపురికార్డర్
కొత్తప్రేక్షకుడు గారూ, అది మీ లోపం కాదు, అలా వినిపించాలనే రికార్డు చేశారు.

ఆ రోజుల్లో షూటింగ్‌లో తలమీద ఒక మైకు వేలాడదీసి, ఎవరి డైలాగ్ ఉంటే వాళ్ల మీదకి తిప్పేవారు. ఆల్ట్‌మన్ బృందం నటులకి విడివిడిగా చిన్న వైర్‌లెస్ మైకులు పెట్టి, ఎనిమిది ట్రాకుల యంత్రం మీద వేర్వేరుగా రికార్డు చేసింది. జిమ్ వెబ్ అనే సౌండ్ నిపుణుడి పని అది. దాంతో కెమెరా ఎవరి మీద ఉందో, ఎవరి మాట వినపడుతోందో నటులకే తెలియదు. గుంపులో వెనకాల నిలబడ్డవాళ్లు కూడా పాత్రలోనే ఉండి మాట్లాడాలి. తర్వాత మిక్సింగ్‌లో ఎవరి గొంతు పెంచాలి, ఎవరిది తగ్గించాలి అని తేల్చుకున్నారు.

పెళ్లింట్లో కూర్చున్నట్టు చూడండి. అన్ని మాటలూ పట్టుకోవాలని చూడకండి, చెవికి తగిలింది వినండి. తప్పిపోయిన మాటల వల్ల కథ తప్పిపోదు. ప్రత్యక్షంగా పాడిన పాటలకైతే సబ్‌టైటిల్స్ తీసేసి చూస్తే ఇంకా మంచిది.

రీలుబండి
దానికి తోడు ఇంకొకటి. పాత్రల పేర్లు గుర్తుపెట్టుకోవాలని ప్రయాస పడకండి. విమానాశ్రయం దృశ్యంలో దాదాపు అందరూ ఒకచోట కనిపిస్తారు, వెంటనే హైవే మీద వరసగా కార్లు గుద్దుకుని అందరూ ఇరుక్కుపోతారు. అక్కడ ఎవరు కారు దిగి ఏం చేస్తున్నారో గమనిస్తే చాలు, మనిషి తెలిసిపోతాడు. స్క్రీన్‌ప్లే రాసిన జోన్ ట్యూక్స్‌బరీని ఆల్ట్‌మన్ ముందుగా నాష్‌విల్ పంపి డైరీ రాయించారు. ఆ ట్రాఫిక్ జామ్ ఆవిడకి నిజంగా ఎదురైనదే.

నాష్‌విల్‌వాసి
ఈ ఊళ్లోనే ఉంటున్నాను కాబట్టి రెండు ముక్కలు.

చివరి సభ జరిగే పార్థినాన్ సెట్ కాదు. సెంటెనియల్ పార్కులో నిజంగానే ఉంది. 1897లో టెనెసీ శతాబ్ది ప్రదర్శన కోసం ఏథెన్స్ గుడికి పూర్తి కొలతలతో కట్టిన నకలుని 1920లలో కాంక్రీటుతో తిరిగి కట్టారు. మనవాళ్లు ఎవరు ఊరికొచ్చినా తీసుకెళ్లే చోట్లలో ఇదొకటి. మెట్ల మీద నిలబడి పార్కు వైపు చూస్తే ఆల్ట్‌మన్ దీన్ని ఎందుకు ఎంచుకున్నాడో తెలుస్తుంది. ప్రజాస్వామ్యం పుట్టిన ఊరి గుడికి కాంక్రీటు ప్రతిరూపం, దాని స్తంభాల మధ్య ఎన్నికల బ్యానర్, ముందు పిల్లాపాపలతో గడ్డి మీద కూర్చున్న జనం.

సమయం కూడా చూడండి. గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే రేడియో కచేరీ 1943 నుంచి డౌన్‌టౌన్‌లోని రైమన్ ఆడిటోరియంలో జరిగేది. పాత చర్చి భవనం, చర్చి బెంచీలు. 1974 మార్చి 16న ఊరి బయట ఆప్రీలాండ్ అనే వినోద పార్కు దగ్గర కట్టిన కొత్త హాలుకి మారింది. ఆ ప్రారంభానికి నిక్సన్ స్వయంగా వచ్చి వేదిక మీద పియానో వాయించాడు. అప్పటికి వాటర్‌గేట్ కుంభకోణం ఆయన మెడకి చుట్టుకుని ఉంది. ఆ వేసవిలోనే ఈ సినిమా షూటింగ్. ఆగస్టు 9న నిక్సన్ దిగిపోయాడు. కష్టాల్లో ఉన్న అధ్యక్షుడు చప్పట్ల కోసం పాటల హాలుకి వచ్చిన ఊరు ఇది. ట్రిప్లెట్ చేస్తున్నది కొత్తేమీ కాదు.

పాతకొత్త గారూ, ఇక్కడి పాతతరం సినిమాని ఇష్టపడలేదన్నది నిజమే. బార్బరా జీన్‌లో నిజమైన కంట్రీ గాయని లొరెట్టా లిన్ ఛాయలు, నల్లజాతి గాయకుడి పాత్ర టామీ బ్రౌన్‌లో నిజమైన గాయకుడు చార్లీ ప్రైడ్ ఛాయలు చాలామంది చూశారు. మన మనుషుల్ని పేరు మార్చి చూపించారు అనిపిస్తే ఎవరికైనా బాధే.

మైకుసెట్టు
నన్ను పట్టుకున్నది ఆ వ్యానే. తెల్లవారకముందే గ్యారేజీ తలుపు తెరుచుకుని బయటికొస్తుంది. మైకులో ఆ గొంతు, తొందర లేకుండా, పక్కింటాయన మాట్లాడినట్టు సాగుతుంది. చర్చిల మీద పన్ను వేయాలంటాడు, కాంగ్రెస్ నుంచి లాయర్లని తీసేయాలంటాడు, జనం పాడుకోగలిగేలా జాతీయగీతం మార్చాలంటాడు. ఒక్కో మాట విడిగా వింటే సబబే అనిపిస్తుంది. కలిపి చూస్తే కింద నేల ఉండదు. ఆ ప్రసంగాలు రాసి చదివింది థామస్ హాల్ ఫిలిప్స్ అనే మిసిసిపీ నవలా రచయిత. ఆల్ట్‌మన్ ఆయన్ని నిజంగా ఎన్నికల్లో నిలబడ్డట్టే అనుకుని రాయమన్నాడట. అందుకే అది నాటకం డైలాగులా లేదు.

మైకుబండి ప్రచారం అంటే మనకి వెంటనే చైతన్యరథం గుర్తొస్తుంది. 1982లో పార్టీ పెట్టిన ఎన్టీఆర్ ఆ బండి మీద ఊరూరా తిరిగి, 1983 జనవరిలో గెలిచారు. కానీ తేడా పెద్దది. అక్కడ జనం వచ్చింది ఆ మొహం చూడటానికి. తెరమీద దేవుడిగా చూసిన మనిషి బండి మీద నిలబడి, రోడ్డు పక్కనే తిని, అక్కడే పడుకుంటే ఆ దగ్గరితనం పని చేసింది. వాకర్‌కి మొహం లేదు. అందుకే ఇతరుల మొహాలు కావాలి. బార్బరా జీన్ మొహం, హేవెన్ మొహం. తార స్వయంగా నాయకుడు కావడం ఒక సంగతి, నాయకుడు తారల్ని అద్దెకి తెచ్చుకోవడం ఇంకో సంగతి. ‘నాష్‌విల్’ రెండోదాని గురించి.

హేవెన్‌ని ఎలా ఒప్పిస్తారో చూశారా? నేను రాజకీయాల్లో వేలుపెట్టను అనే మనిషి. నువ్వు గవర్నర్‌గా పోటీచేస్తే వాకర్ వెనక ఉంటాడు అని ట్రిప్లెట్ చెవిలో వేస్తాడు. డబ్బు ఊసే రాదు.

తెరవెనక
సులీన్ గురించి స్వరజతి గారు ఎత్తారు కాబట్టి ఆ దృశ్యం గురించి మాట్లాడి తీరాలి.

వాకర్ ప్రచారానికి చందాలు పోగుచేయడానికి మగాళ్ల పార్టీ పెడతారు. సులీన్‌ని పాట పాడమని పిలుస్తారు. ఆమె ఇంట్లో అద్దం ముందు నిలబడి, లోదుస్తుల్లో మేజోళ్లు కుక్కుకుని, ఎలా నడవాలో, చేతులు ఎక్కడ పెట్టాలో సాధన చేసి వస్తుంది. పాడటం మొదలుపెట్టగానే హాలంతా బట్టలు విప్పమని అరుపులు. ఆమెకి మొదట అర్థం కాదు. పక్కకి వస్తే ఊళ్లో వాకర్ ప్రచారానికి సాయం చేసే డెల్బర్ట్, ట్రిప్లెట్ కలిసి, నువ్వు ఇది చేస్తే పార్థినాన్‌లో బార్బరా జీన్ పక్కన పాడొచ్చు అని ఆశ పెడతారు. ఆమె మళ్లీ వెళ్తుంది. మొదట ఆ మేజోళ్లు తీసి గుంపులోకి విసురుతుంది. ఆ తర్వాత మిగతావి.

కెమెరా అక్కడ ఆమె ఒంటిని ఆశగా చూడదు. ఆమె మొహం, ఆ మగాళ్ల మొహాలు. వాళ్లు రాక్షసులు కాదు. డబ్బున్న పెద్దమనుషులు, ఇంటికెళ్తే పిల్లల తండ్రులు. నాకు ఒళ్లు మండిపోయింది. రాజకీయం మీద ఎన్ని ప్రసంగాలు విన్నా ఈ ఒక్క దృశ్యం చెప్పినంత చెప్పలేవు. పాడాలన్న కోరికని పట్టుకుని ఒక ఆడపిల్లని ఎంత దూరం లాక్కెళ్లొచ్చో వాళ్లకి కొలత తెలుసు.

తర్వాత డెల్బర్ట్ ఇంటి దగ్గర దింపుతూ చేయి వేయబోతాడు. ఆ డెల్బర్టే లినియా భర్త.

లినియా గురించి కూడా. ఆ పాత్ర వేసిన లిలీ టామ్లిన్‌కి ఇది మొదటి సినిమా. లినియా పిల్లలిద్దరికీ వినపడదు. భోజనం దగ్గర కొడుకు ఈత క్లాసు సంగతి చేతులతో చెప్తుంటే ఆమె కళ్లు పెద్దవి చేసుకుని, ఒక్క కదలిక కూడా వదలకుండా చూస్తుంది. భర్తకి ఆ భాష రాదు, నేర్చుకోవాలన్న తపనా లేదు. ఇంత పాటల సినిమాలో శ్రద్ధగా వినే మనిషి ఎవరంటే, వినపడని పిల్లల తల్లి.

అందుకే ‘అయామ్ ఈజీ’ దృశ్యం అంత పని చేసింది. క్లబ్బులో టామ్ (కీత్ కారడైన్ పాత్ర) పాడుతుంటే నలుగురు ఆడవాళ్లు, ఒక్కొక్కరూ ఇది నా కోసమే అనుకుంటారు. వెనక బల్ల దగ్గర లినియా ఒంటరిగా కూర్చుని ఉంటుంది. కెమెరా జనం తలల మీదుగా మెల్లగా ఆమె దగ్గరికి జరుగుతుంది. ఆమె ఏమీ చేయదు. అదే నటన. ఆ రాత్రి ఆమె అతని గదికి వెళ్తుంది. బయల్దేరడానికి బట్టలు వేసుకుంటుండగానే అతను ఇంకొకామెకి ఫోన్ చేస్తాడు. వెక్కిరించాల్సింది ఎవరినో సినిమాకి బాగా తెలుసు.

పాతకొత్త
తెరవెనక గారూ, సులీన్ దృశ్యం గురించి మీతో నాకు తేడా లేదు. సినిమాలో నిజంగా ధైర్యం చేసిన చోటు అదే.

కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఓపల్‌ని తీసుకోండి. పాడుబడ్డ కార్ల మధ్య, పసుపు స్కూలు బస్సుల మధ్య తిరుగుతూ టేపులో కవిత్వం దంచుతుంది. పేరున్నవాళ్లు కనిపిస్తే చాలు, మాట్లాడుతున్నవాళ్లని వదిలేసి పరిగెడుతుంది. ఎలియట్ గూల్డ్, జూలీ క్రిస్టీ తామే అయి కాసేపు కనిపిస్తారు, వాళ్లని చూసి ఊరి పెద్దల మొహాలు వెలిగిపోతాయి. సెలబ్రిటీ పిచ్చి మీద ఇంతకంటే సూటిగా ఎవరూ తీయలేదు, ఒప్పుకుంటా. అయితే ఓపల్‌కి లోపలి జీవితం ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు. టామీ బ్రౌన్‌కి కూడా అంతే. బార్‌లో వేడ్ అనే మనిషి తాగి అతన్ని జాతి పేరుతో ఎత్తిపొడుస్తాడు, గొడవ అవుతుంది, అక్కడితో సరి. తెల్లవాళ్ల సంగీతంలో నెగ్గుకొచ్చిన నల్లజాతి గాయకుడు అంటే ఎంత పెద్ద కథ! 24 మందిని పెట్టుకుంటే ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది, ఇక్కడ జరిగింది అతనికి.

రీలుబండి
టామీ బ్రౌన్ విషయంలో మీదే న్యాయం. ఆ లోటు నాకూ తెలుస్తుంది.

హేవెన్ విషయంలో మాత్రం చివరిదాకా చూసి తేల్చాలి. (ముగింపు చెప్తున్నాను, చూడనివాళ్లు ఇక్కడ ఆగండి.)

బార్బరా జీన్ ఆ వేదిక మీదకి ఎలా వచ్చిందో చూడండి. ఆప్రీలాండ్ కచేరీలో పాట మొదలుపెట్టబోయి ఆగి, చిన్నప్పటి సంగతులు, అమ్మమ్మ సంగతులు చెప్పుకుంటూ పోతుంది. బ్యాండు మళ్లీ ఎత్తుకుంటుంది, ఆమె మళ్లీ ఆపేస్తుంది. మాటలు అతుకు తప్పుతుంటాయి. ఆ మాటలు బ్లేక్లీ స్వయంగా రాసుకున్నవి. జనం గోల పెడతారు. భర్త, మేనేజరు అయిన బార్నెట్ ఆమెని దింపేసి, గొడవ చల్లార్చడానికి రేపు పార్థినాన్‌లో ఉచితంగా పాడుతుందని మాటిచ్చేస్తాడు. కాలిన గాయాలకి చికిత్స చేయించుకుని వచ్చి, విమానాశ్రయంలోనే పడిపోయిన మనిషి ఆమె. ఆ సభ వాకర్‌ది. రాజకీయ బ్యానర్లు ఉండకూడదని బార్నెట్ అడుగుతాడు. వచ్చి చూస్తే వెనక వాకర్ పేరుతో పెద్ద బ్యానర్. అప్పటికి జనం వచ్చేశారు.

ఆమె అమ్మానాన్నల పాట ముగించగానే వయొలిన్ పెట్టెలోంచి తుపాకీ బయటికొస్తుంది. హేవెన్ చేతికీ గాయమవుతుంది. అప్పుడు ఆ డాబుసరి మనిషి తన చేతిని చూసుకోడు. మైకులో జనాన్ని నిలవరిస్తాడు, ఇది డాలస్ కాదు, నాష్‌విల్ అంటాడు, ఎవరైనా పాడండి అని అడుగుతాడు. 1963లో కెనెడీ చనిపోయిన ఊరి పేరు అక్కడ అతని నోట రావడం ఎంత సహజం! సినిమా అందరికంటే ఎక్కువ వెక్కిరించిన మనిషికి అందరికంటే నిబ్బరమైన క్షణం ఇచ్చింది.

కొత్తప్రేక్షకుడు
మీ మాట మీద పూర్తిగా చూశాను. ఒక్కటి అర్థం కాలేదు. చంపాలనుకుంటే రాజకీయ నాయకుణ్ని కదా చంపుతారు? గాయనిని ఎందుకు?

మైకుసెట్టు
అదే అప్పట్లో చాలామంది అడిగారు. 1968లో రాబర్ట్ కెనెడీ, 1972లో ప్రచారంలో ఉండగా జార్జ్ వాలెస్ మీద కాల్పులు, ఇవన్నీ చూసిన ప్రేక్షకులు వాకర్ మీదే దాడి జరుగుతుందని ఎదురుచూశారు. సినిమా కారణం చెప్పదు. కాల్చిన ఆ వయొలిన్ పెట్టె కుర్రాడు కెనీ, తల్లితో ఫోన్‌లో ఎంత ముళ్ల మీద ఉన్నట్టు మాట్లాడతాడో, బార్బరా జీన్ చివరి పాట తల్లిదండ్రుల గురించి అని గుర్తుపెట్టుకుంటే ఒక దారి దొరుకుతుంది. నాకు ఇంకో దారి ఎక్కువ నచ్చుతుంది. వేదిక మీద పాటకి, పదవికి మధ్య గీత చెరిపేశారు. కింద నిలబడ్డవాడికి ఇద్దరూ ఒకటే.

1980 డిసెంబరులో జాన్ లెనన్‌ని కాల్చినప్పుడు ఒక పత్రిక నుంచి ఆల్ట్‌మన్‌కి ఫోన్ వచ్చిందట, మీకు బాధ్యత ఉందనిపిస్తోందా అని. నేను ముందే హెచ్చరిస్తే పట్టించుకోనందుకు మీకు లేదా బాధ్యత అని ఆయన ఎదురడిగినట్టు తర్వాత చెప్పుకున్నారు.

పాతకొత్త
ముగింపు దగ్గర నేను మెత్తబడను. ఒక మనిషి రక్తం కారుతూ వెళ్లింది. ఐదు నిమిషాల్లో జనం చప్పట్లు కొడుతూ, మాకేం దిగులు లేదు అనే పాటకి గొంతు కలిపారు. నెలల పిల్లల్ని భుజాన వేసుకుని పాడుతున్నారు. ఇది ఓదార్పు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ జనం మీద ఇంతకంటే కఠినమైన తీర్పు ఉండదు.

స్వరజతి
తీర్పు పాట మాటల్లో ఉంది, నిజమే. కానీ ఎవరు పాడారో చూడండి. ఆల్బకర్కీ, అంటే బార్బరా హారిస్, మొగుణ్ని తప్పించుకుని, చిరిగిన మేజోళ్లతో ఊరంతా తిరుగుతూ ఒక్క అవకాశం కోసం వెతికిన మనిషి. కార్ల పందేల మైదానంలో ఆమెకి మైకు దొరికింది, కానీ ఇంజన్ల మోతలో ఒక్క మాటా ఎవరికీ వినపడలేదు. మనకీ వినపడలేదు. అందుకని ఆమెకి గొంతు ఉందో లేదో చివరిదాకా తెలియదు. పార్థినాన్‌లో మైకు చేతికొచ్చాక మొదట తడబడుతుంది, రెండు లైన్లకి శ్రుతి దొరుకుతుంది, వెనకాల చర్చి గాయకబృందం అందుకుంటుంది, అప్పుడు ఆ గొంతు తెరుచుకుంటుంది. అది నిజంగా గొప్ప గొంతు!

అదే వేదిక మీద పక్కన సులీన్ నిలబడి ఉంది. ఆమెకి మాటిచ్చిన చోటు అది. ఆమెని ఎవరూ పాడమనలేదు. పాతకొత్త గారూ, జనాన్ని మీరు తప్పుపట్టండి, నేను అడ్డురాను. ఆల్బకర్కీని మాత్రం తప్పుపట్టలేను. అలాంటి పూట మైకు చేతిలో పెట్టి పాడమంటే, ఏళ్లుగా ఎదురుచూసిన ఏ పాటగత్తె అయినా పాడుతుంది.